మోటారు వేగము: గణకము చూపు సంఖ్యను ఎంతవరకు నమ్మవచ్చును?

ఆధునిక జీవితమున విద్యుత్ మోటారు ప్రవేశింపని చోటు లేదనిన అతిశయోక్తి కానేరదు. మన కొంపల్లి పరిసరములనే గమనింతము. కొంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములు ఒకప్పుడు ద్రాక్షతోటలకు ప్రసిద్ధి చెందినవి. ఆ తోటలకు నీరు తోడినవి మోటారులే. నేడు ఆ తోటలలో అనేకము ఇండ్లుగాను, ఫంక్షన్ హాళ్ళుగాను మారినవి. అయినను మోటారుల సంఖ్య తగ్గలేదు సరికదా, ఇంకను పెరిగినది. భవనమునకొక బోరు మోటారు, మేడమీది ట్యాంకునకు నీరెక్కించు మోనోబ్లాకు మోటారు, గదికొక ఫ్యాను తప్పనిసరి అయినవి. దక్షిణపు వైపున జీడిమెట్ల పారిశ్రామికవాడలో లేతులు, కంప్రెసరులు తిరుగుచున్నవి. ఈశాన్యమున శామీర్‌పేట దారిలోని జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలలో సెంట్రిఫ్యూజులు తిరుగుచున్నవి.

ఇన్ని మోటారుల నడుమ నివసించుచున్న మనలను ఎవరైనను "ఈ మోటారు ఇప్పుడు నిమిషమునకు ఎన్ని చుట్లు తిరుగుచున్నది?" అని అడిగినచో ఏమి చెప్పగలము? దానిపై బిగించిన రేకును చూచి 1440 అని చదువుదుము. కాని ఆ సంఖ్య, నిర్ణీతమైన వోల్టేజిలో, పూర్తి భారముతో మోటారు తిరుగవలసిన వేగము మాత్రమే. ఈ క్షణమున అది తిరుగుచున్న వేగము కాదు. నిజమైన వేగమును తెలిసికొనుటకు కొలత కావలెను. తెలుగులో వేగమనినను, ఉర్దూలో రఫ్తార్ అనినను, కొలువనిదే అది ఊహ మాత్రమే.

నేడు కొన్ని వందల రూపాయలకు లభించు మైక్రోకంట్రోలరుతో ఈ కొలతను విద్యార్థులే చేయవచ్చును. అయితే తెరపై సంఖ్య కనబడినంత మాత్రమున అది కొలత అగునా? ఆ సంఖ్య ఏ విధముగా పుట్టినది, అందులో సత్యమెంత అను విషయమును ఈ వ్యాసమున పరిశీలింతము.

వేగము తెలియుట వలన ప్రయోజనము

మొదట నీటి మోటారును తీసికొందము. మన దేశమున విద్యుత్ సరఫరా పౌనఃపున్యము 50 హెర్ట్జ్. నాలుగు ధ్రువములు గల మోటారులో అయస్కాంత క్షేత్రము నిమిషమునకు 120 × 50 ÷ 4, అనగా 1500 చుట్లు తిరుగును. ఇండక్షను మోటారు రోటరు ఈ వేగమును ఎన్నడును అందుకొనలేదు. అందుకొన్నచో క్షేత్రమునకు, రోటరునకు నడుమ సాపేక్ష చలనము ఉండదు. రోటరులో విద్యుత్ ప్రేరేపింపబడదు. త్రిప్పు బలమే పుట్టదు. కావున రోటరు ఎల్లప్పుడును కొంత వెనుకబడి తిరుగును. ఈ వెనుకబాటునే స్లిప్ అందురు. రేకుపై 1440 అని ఉన్నచో పూర్తి భారముతో స్లిప్ 60 చుట్లు, అనగా 4 శాతము. భారము లేనప్పుడు అదే మోటారు సుమారు 1490 వరకు తిరుగును. అనగా ఖాళీగా తిరుగుటకును, పూర్తిగా శ్రమించుటకును గల భేదమంతయు 50 చుట్లలోనే ఇమిడి ఉన్నది.

ఇప్పుడు వోల్టేజి 20 శాతము పడిపోయినదనుకొందము. త్రిప్పు బలము వోల్టేజి వర్గమునకు అనుపాతములో ఉండును. భారము మారనిచో స్లిప్ 4 శాతము నుండి సుమారు 6.25 శాతమునకు పెరుగును. వేగము 1406కు తగ్గును. రోటరులో పుట్టు వేడి ఒకటిన్నర రెట్లకు మించును. పల్లెలలోను, శివారు కాలనీలలోను మోటారులు కాలిపోవుటకు గల కారణములలో ఇది ముఖ్యమైనది. చెవికి ఈ 34 చుట్ల భేదము వినబడదు, కంటికి కనబడదు. కొలత మాత్రమే దానిని పట్టగలదు.

రెండవది సెంట్రిఫ్యూజు. రక్తపరీక్షా కేంద్రములలో రక్తకణములను వేరుచేసి సీరమును తీయునది ఇదియే. మేడ్చల్‌లోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో హెపటైటిస్-బి టీకాను స్వదేశీయముగా తయారుచేసి విడుదల చేసినది. అటువంటి జీవసాంకేతిక రంగమునకు సెంట్రిఫ్యూజు ప్రాథమికమైన పనిముట్టు. దానిలో ద్రవముపై పనిచేయు బలము వేగము యొక్క వర్గమును బట్టి మారును. 10 సెంటీమీటర్ల వ్యాసార్థముతో, నిమిషమునకు 3000 చుట్ల వేగముతో తిరుగునప్పుడు ఆ బలము భూమ్యాకర్షణకు సుమారు 1006 రెట్లు. వేగము 2700కు తగ్గినచో బలము 815 రెట్లే. వేగములో 10 శాతము లోపము, బలములో 19 శాతము లోపమగును. యంత్రము తెరపై 3000 అని చూపి, నిజమునకు 2700 తిరిగినచో, వేరుపడవలసినది పూర్తిగా వేరుపడకపోవచ్చును. ఆ లోపము పరీక్షా ఫలితములోనికి చేరును.

చుట్టు నుండి పల్సు వరకు

మైక్రోకంట్రోలరునకు చక్రము కనబడదు. దాని కాలికి అందు వోల్టేజి సున్నాయా, 5 వోల్టులా అను భేదము మాత్రమే దానికి తెలియును. కావున మోటారు ఒక చుట్టు తిరిగినప్పుడెల్ల ఒక విద్యుత్ పల్సు పుట్టునట్లు చేయవలెను. ఇందుకు సులభమైన మార్గము షాఫ్టుపై చిన్న అయస్కాంతమును అంటించి, దానికెదురుగా కొద్ది మిల్లీమీటర్ల దూరమున హాల్ సెన్సారును నిలుపుట. అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్విన్ హాల్ 1879లో కనుగొనిన ధర్మము దీనికి ఆధారము. అయస్కాంతము ఎదురుగా వచ్చినప్పుడు సెన్సారు వోల్టేజి మారును. దాటిపోగానే మరల పూర్వస్థితికి వచ్చును. గాడులు కోసిన పళ్ళెమును షాఫ్టునకు బిగించి, దీపపు కిరణమును అది ఖండించునట్లు అమర్చుట మరియొక మార్గము.

ఇక మైక్రోకంట్రోలరు సంగతి. ఇంటెల్ సంస్థ 1980లో విడుదల చేసిన 8051 అను చిప్ మన పాఠ్యప్రణాళికలలో చిరకాలముగా నిలిచియున్నది. దీనిలో టైమరు 0, టైమరు 1 అను రెండు పదునారు బిట్ల గణకములు కలవు. ఇచ్చట ఒక విషయమును విద్యార్థులు స్పష్టముగా గ్రహింపవలెను. టైమరు, కౌంటరు అనునవి రెండు వేర్వేరు వస్తువులు కావు. రెండును ఒకే గణకము. చిప్ లోపలి గడియారపు తాళమును లెక్కించినప్పుడు దానిని టైమరందురు. వెలుపలి నుండి వచ్చు పల్సులను లెక్కించినప్పుడు కౌంటరందురు. ఒకే మనిషి గడియారపు టిక్కులను లెక్కించినచో కాలము తెలియును. వీథిలో పోవు బండ్లను లెక్కించినచో బండ్ల సంఖ్య తెలియును. లెక్కించు పని ఒక్కటే, లెక్కింపబడునది వేరు.

8051నకు 12 మెగాహెర్ట్జ్ క్రిస్టలు తగిలించినచో, పన్నెండు తాళములకొక యంత్రచక్రము చొప్పున టైమరు మైక్రోసెకనునకు ఒక్కొక్క అంకె పెరుగును. గణకము 0 నుండి 65,535 వరకు లెక్కించి, మరుసటి అంకెకు మరల సున్నాకు వచ్చును. అట్లు వచ్చినప్పుడు ఒక జెండా బిట్ లేచును. ఈ పొంగిపొరలుటను ఓవర్‌ఫ్లో అందురు. కౌంటరుగా పనిచేయునప్పుడు ప్రతి యంత్రచక్రమున కాలిని ఒకసారి పరిశీలించి, ముందు ఒకటి, తరువాత సున్నా కనబడినచో ఒక అంకె పెంచును. ఈ విధముగా సెకనునకు 5 లక్షల పల్సుల వరకు లెక్కింపగలదు. మన మోటారుల అవసరము దానిలో అత్యల్ప భాగము.

మొదటి పద్ధతి: కాలము స్థిరము, పల్సులు లెక్క

మేడ్చల్ రహదారి ప్రక్కన నిలబడి ఒక గంటలో ఎన్ని బస్సులు పోయినవో లెక్కించు మనిషిని ఊహించుకొందము. మొదటి పద్ధతి సరిగా ఇటువంటిదే. టైమరు 0ను కౌంటరుగా మార్చి సెన్సారు పల్సులను దాని కాలికి అందింపవలెను. టైమరు 1ను గడియారముగా వాడవలెను. దానిలో 15,536 అను విలువను నింపినచో, 50,000 మైక్రోసెకనుల తరువాత అది పొంగిపొరలును. అట్లు 20 పర్యాయములు జరిగినచో ఒక సెకను. ఆ సెకనులో కౌంటరు చూపిన అంకెను 60తో గుణించి, చుట్టునకు గల పల్సుల సంఖ్యతో భాగించినచో నిమిషమునకు చుట్లు వచ్చును.

ఇది చక్కగా, సులభముగా కనబడును. కాని చుట్టునకు ఒకే పల్సు ఉన్నచో, ఒక అంకె భేదము 60 చుట్ల భేదమునకు సమానము. తెరపై 1380, 1440, 1500 వంటి సంఖ్యలే వచ్చును. నడుమ ఏమియు రాదు. మన నీటి మోటారునకు దీనిని అన్వయింతము. భారము లేక 1490 తిరుగునప్పుడు సెకనునకు 24.83 చుట్లు, గణకము 24 గాని 25 గాని చూపును, అనగా 1440 గాని 1500 గాని. పూర్తి భారముతో 1440 తిరుగునప్పుడు 24, అనగా 1440. వోల్టేజి పడిపోయి 1406 తిరుగునప్పుడు 23.43 చుట్లు, గణకము 23 గాని 24 గాని చూపును, అనగా 1380 గాని 1440 గాని.

పాఠకులు దీనిని గమనింప ప్రార్థన. ఖాళీగా తిరుగు మోటారు, సక్రమముగా పనిచేయు మోటారు, వేడెక్కి కాలిపోవుటకు సిద్ధముగానున్న మోటారు, ఈ మూడును తెరపై 1440 అను ఒకే సంఖ్యను చూపగలవు. కార్యక్రమము సరిగానే వ్రాయబడినది. చిప్ సరిగానే లెక్కించినది. తీగెలు సరిగానే ఉన్నవి. అయినను మనకు కావలసిన సమాచారమంతయు ఒక్క మెట్టు ఎత్తులో మునిగిపోయినది.

లెక్కించు కాలమును 10 సెకనులకు పెంచినచో మెట్టు 6 చుట్లకు తగ్గును. కాని ఒక్కొక్క సంఖ్యకు 10 సెకనులు వేచియుండవలెను. అంతలో వేగము మారినచో మనకు తెలియదు.

రెండవ పద్ధతి: పల్సునకు, పల్సునకు నడుమ కాలము

బస్సులు అరుదుగా వచ్చు దారిలో గంటకు ఎన్ని బస్సులని లెక్కించుటకంటె, ఒక బస్సునకు మరియొక బస్సునకు నడుమ ఎంత కాలము గడచినదో చూచుట మేలు. రెండవ పద్ధతి అదియే. ఒక పల్సు రాగానే టైమరును మొదలిడి, తరువాతి పల్సు రాగానే దానిని చదువవలెను. 6 కోట్లను ఆ మైక్రోసెకనుల సంఖ్యతో భాగించినచో వేగము వచ్చును.

మన మోటారు 1490 తిరుగునప్పుడు చుట్టునకు 40,268 మైక్రోసెకనులు. 1440 తిరుగునప్పుడు 41,667. 1406 తిరుగునప్పుడు 42,674. మొదటి పద్ధతిలో ఒకే సంఖ్యగా కనబడిన మూడు స్థితులు ఇచ్చట వేయి అంకెలకు మించిన దూరముతో విడివడి కనబడుచున్నవి. అదియును ఒక్క చుట్టు కాలములోనే. ఒక్క టిక్కు పొరపాటు వచ్చినను వేగములో భేదము 0.04 చుట్లకు లోపే.

అయితే ఈ పద్ధతికి తనవైన ప్రమాదములు కలవు. పదునారు బిట్ల టైమరు 65,536 మైక్రోసెకనులకు పొంగిపొరలును. నిమిషమునకు సుమారు 916 చుట్లకంటె నెమ్మదిగా తిరుగు ఏ మోటారునకైనను, చుట్టునకొక పల్సు చొప్పున, ఈ అవధి చాలదు. ఇంటి ఫ్యాను 380 చుట్లు తిరుగుచున్నదనుకొందము. చుట్టునకు 1,57,895 మైక్రోసెకనులు పట్టును. టైమరు రెండు పర్యాయములు పొంగిపొరలి, చివరకు 26,823 వద్ద నిలుచును. పొరలిన పర్యాయములను లెక్కలో చేర్చనిచో తెరపై కనబడు వేగము 2237! ఏ ఫ్యానైనను ఇంటిలో ఆ వేగముతో తిరుగునా? కావున ప్రతి ఓవర్‌ఫ్లోను ప్రత్యేకముగా లెక్కించి, దానికి 65,536 చొప్పున కలుపవలెను.

మరియొక ప్రమాదము ఇంతకంటె సూక్ష్మమైనది. మోటారు ఆగిపోయినచో తరువాతి పల్సు ఎన్నటికిని రాదు. పల్సు రానిదే కార్యక్రమము క్రొత్త సంఖ్యను గణింపదు. ఫలితముగా ఆగిన మోటారునకు తెరపై పాత వేగమే నిలిచియుండును. రెండు సెకనుల వరకు పల్సు రానిచో వేగము సున్నా అని ప్రకటింపవలెనను నియమమును కార్యక్రమములో తప్పక చేర్చవలెను.

ఏ పద్ధతి ఎప్పుడు?

రెండు పద్ధతులలోను లోపము ఒక్క అంకెయే. ఆ అంకె మొత్తములో ఎంత భాగమను దానిపై నాణ్యత ఆధారపడియున్నది. సెకనునకు 1000 పల్సులు వచ్చునప్పుడు, ఒక సెకను లెక్కించినచో 1000లో ఒకటి లోపము. అప్పుడు పల్సుల నడుమ కాలము 1000 మైక్రోసెకనులు. అందులోను ఒకటియే లోపము. రెండును సమానము. అంతకంటె తక్కువ పల్సులు వచ్చునప్పుడు కాలమును కొలుచుట మేలు. అంతకంటె ఎక్కువ వచ్చునప్పుడు పల్సులను లెక్కించుట మేలు. మైక్రోసెకను టైమరునకు, ఒక సెకను అవధికి ఈ సరిహద్దు వర్తించును.

నిమిషమునకు 12,000 చుట్లు తిరుగు సెంట్రిఫ్యూజునకు 20 గాడుల పళ్ళెము బిగించినచో సెకనునకు 4000 పల్సులు వచ్చును. సెకను పాటు లెక్కించినచో లోపము 3 చుట్లు. ఒక పల్సు కాలమును కొలిచినచో అది 250 మైక్రోసెకనులే కావున లోపము 48 చుట్లు. నీటి మోటారునకు ఉత్తమమైన పద్ధతి ఇచ్చట అధమమైనది.

రెండు పద్ధతుల గుణములను కలుపు మూడవ పద్ధతి కూడ కలదు. సుమారు ఒక సెకను పాటు పల్సులను లెక్కించి, మొదటి పల్సు నుండి చివరి పల్సు వరకు పట్టిన ఖచ్చితమైన కాలమును టైమరుతో కొలుచుట దీని సారము. కాలము పల్సు వద్దనే మొదలై పల్సు వద్దనే ముగియును గనుక పల్సుల సంఖ్యలో భిన్నము మిగులదు. లోపము వేగముతో నిమిత్తము లేక, పది లక్షల మైక్రోసెకనులలో ఒక మైక్రోసెకను మాత్రమే. 1982లో జపాను ఇంజనీరులు మోటారుల నియంత్రణకై ఈ పద్ధతిని వివరించి ప్రకటించిరి. దీనిని ఎం-టి పద్ధతి అందురు. ఒకే చిప్‌లోని రెండు గణకములు, ఒకటి కౌంటరుగా, ఒకటి టైమరుగా, కలసి పనిచేయుటకు ఇది చక్కని ఉదాహరణము.

పండ్ల చక్రము

చుట్టునకు పల్సుల సంఖ్యను పెంచినచో మొదటి పద్ధతి కూడ మెరుగుపడును. ఆవిరి టర్బైనుల షాఫ్టుపై 60 పండ్లు గల చక్రమును అమర్చుట పరిపాటి. 60 పండ్లయే ఎందుకు? చుట్టునకు 60 పల్సులు, నిమిషమునకు 60 సెకనులు. కావున సెకనులో వచ్చిన పల్సుల సంఖ్యయే నిమిషమునకు చుట్ల సంఖ్య అగును. 3000 చుట్లు తిరుగు టర్బైను సెకనునకు 3000 పల్సులనిచ్చును. గుణించు పని, భాగించు పని రెండును తప్పినవి.

అయితే పండ్లు సమదూరములో ఉండవలెను. ప్రయోగశాలలో విద్యార్థులు షాఫ్టుపై రెండు అయస్కాంతములను ఎదురెదురుగా అంటింతురు. ఒకటి 10 డిగ్రీలు ప్రక్కకు జరిగినచో ఒక వైపు 170 డిగ్రీలు, మరియొక వైపు 190 డిగ్రీలు ఏర్పడును. మోటారు నిలకడగా 1440 తిరుగుచున్నను, రెండవ పద్ధతిలో తెరపై ఒకసారి 1525, మరియొకసారి 1364 కనబడును. మోటారు ఒడుదొడుకులకు లోనగుచున్నదని భ్రమ కలుగును. ఎన్ని అయస్కాంతములున్నను పూర్తి చుట్టు కాలమును కొలిచినచో ఈ దోషము తొలగును. ఏలయనగా చుట్టు ఎల్లప్పుడును 360 డిగ్రీలే.

కనబడని దోషములు

గణకము ఎంత నిక్కముగా లెక్కించినను, దానికి తాళము వేయు గడియారము సరిగా లేనిచో ఫలితము వ్యర్థము. క్వార్ట్జ్ క్రిస్టలులో లోపము సాధారణముగా పది లక్షలలో 50 భాగములు. 1440లో అది 0.07 చుట్లు మాత్రమే. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణమున పుట్టిన ఆర్డుయినో బోర్డులు నేడు విద్యార్థులకు సుపరిచితములు. వానిలో ఊనో అను బోర్డుపై ప్రధాన చిప్‌నకు గడియారముగా సిరామిక్ రెజొనేటరు ఉండును. దాని లోపము సుమారు అర శాతము వరకు ఉండవచ్చును. 1440లో అది 7 చుట్లు. ఆ బోర్డులోని ఏటిమెగా328పి చిప్‌ను దాని లోపలి గడియారముతోనే నడిపినచో, కర్మాగారపు సవరణతో లోపము 10 శాతము వరకు ఉండవచ్చునని తయారీదారులే తెలిపియున్నారు. అనగా 144 చుట్లు. అట్టి గడియారముతో 1439.87 అని దశాంశములతో చూపుట అలంకారమే గాని కొలత కాదు.

మన ప్రయోగశాలలలో తరచుగా తటస్థించు మరియొక దోషమును చెప్పెదము. 8051 బోర్డులలో అనేకము 11.0592 మెగాహెర్ట్జ్ క్రిస్టలుతో వచ్చును. సీరియల్ సంభాషణకు కావలసిన 9600 వంటి వేగములు ఆ సంఖ్య నుండి సరిగా లభించుటయే దీనికి కారణము. పుస్తకములోని కార్యక్రమము 12 మెగాహెర్ట్జ్‌నకు వ్రాయబడి ఉండును. దానిని యథాతథముగా వాడినచో సెకను అనుకొన్నది 1.085 సెకను అగును. 1440 తిరుగు మోటారు తెరపై 1562గా కనబడును. నాలుగు ధ్రువముల ఇండక్షను మోటారు 50 హెర్ట్జ్ సరఫరాపై, తన బలముతో తాను, 1500ను అందుకొనలేదని ముందే చూచితిమి. ఆ సూత్రము తెలిసిన విద్యార్థి సంఖ్యను చూచినంతనే అది అబద్ధమని గ్రహించును. తెలియని విద్యార్థి దానిని పుస్తకములో వ్రాసికొనును.

గణకమును చదువుటలో కూడ మెలకువ అవసరము. 8051 ఎనిమిది బిట్ల చిప్ గనుక పదునారు బిట్ల సంఖ్యను పై సగము, క్రింది సగము అని రెండు పర్యాయములుగా చదువును. సంఖ్య 255 వద్ద ఉండగా పై సగమును చదివితిమి, అది సున్నా. క్రింది సగమును చదువులోగా గణకము 256 అయినది. ఇప్పుడు క్రింది సగమును సున్నాయే. రెండును కలిపిన సున్నా! పై సగమును చదివి, క్రింది సగమును చదివి, మరల పై సగమును చదివి, అది మారియున్నచో అంతయు తిరిగి చదువుట దీనికి విరుగుడు. ఏటిమెగా చిప్‌లో ఇన్‌పుట్ క్యాప్చరు అను సదుపాయము కలదు. పల్సు వచ్చిన క్షణముననే టైమరు విలువను అది వేరొక చోట భద్రపరచును. కార్యక్రమము తీరికగా చదివికొనవచ్చును.

చివరిది విద్యుత్ అలజడి. మోటారు స్విచ్చి వేయునప్పుడు, ఆపునప్పుడు పుట్టు మెరుపులు సెన్సారు తీగెలో దొంగ పల్సులను పుట్టించును. ఒక పల్సునకు రెండు లెక్కింపబడినచో వేగము రెట్టింపగును. సెన్సారు తీగెలను మోటారు తీగెలకు దూరముగా నడుపుట, ష్మిట్ ట్రిగ్గరును వాడుట, మోటారుకు సాధ్యము కానంత త్వరగా వచ్చిన పల్సును కార్యక్రమములోనే త్రోసిపుచ్చుట ముఖ్యమైన జాగ్రత్తలు.

స్లిప్ కొలుచుటలో మరియొక మాట

వేగము నుండి స్లిప్ తెలిసికొనవలెననినచో 1500 అను సంఖ్యను కూడ గ్రుడ్డిగా నమ్మరాదు. సరఫరా పౌనఃపున్యమునకు మన దేశమున నిర్ణయించిన పరిధి 49.90 నుండి 50.05 హెర్ట్జ్. దీనిని బట్టి నాలుగు ధ్రువముల మోటారు క్షేత్రవేగము 1497 నుండి 1501.5 వరకు మారవచ్చును. 2013 డిసెంబరు 31న దక్షిణ విద్యుత్ గ్రిడ్డు దేశపు మిగిలిన గ్రిడ్డుతో అనుసంధానమైనది. నాటి నుండి కొంపల్లిలోని మోటారు క్షేత్రమును, పంజాబులోని మోటారు క్షేత్రమును ఒకే తాళమునకు తిరుగుచున్నవి. ఆ తాళమును కూడ అదే గణకముతో కొలువవచ్చును. సరఫరాను చిన్న ట్రాన్స్‌ఫార్మరుతో తగ్గించి, పల్సుగా మార్చి కౌంటరునకు అందించినచో చాలును. ఈ పని అధ్యాపకుని సమక్షముననే జరుగవలెను.

బోరు లోపల మునిగియున్న సబ్‌మెర్సిబుల్ మోటారు షాఫ్టు మన చేతికందదు. కావున ఈ పద్ధతి పైకి కనబడు మోటారులకే వర్తించును. అయస్కాంతమును అంటించుటకు ముందు విద్యుత్తును పూర్తిగా తొలగింపవలెను. తిరుగు షాఫ్టు వద్ద వదులైన చేతులు గల దుస్తులు, దుపట్టా కొంగులు ఉండరాదు. అంటించిన అయస్కాంతము ఊడి ఎగిరినచో కంటికి ప్రమాదము. దానిపై గట్టి టేపు చుట్టుట అవసరము.

విద్యార్థులకు, కళాశాల కమిటీకి

ఈ ప్రయోగమునకు పెద్ద పరికరములు అక్కరలేదు. ఒక చిన్న మోటారు, క్రిస్టలు గల మైక్రోకంట్రోలరు బోర్డు, హాల్ సెన్సారు, అయస్కాంతములు, సరిచూచుకొనుటకు ఒక మంచి టాకోమీటరు ఉన్నచో చాలును. సరిచూచు టాకోమీటరును మాత్రము చౌకగా కొనరాదని కమిటీ పెద్దలకు మా విన్నపము. పది బోర్డులు కలిసి ఒకే తప్పును చూపవచ్చును. దానిని బయటపెట్టునది ఆ ఒక్క పరికరమే.

విద్యార్థులు తమ ప్రయోగ పుస్తకమున వేగము అను గడి ప్రక్కన మరి మూడు గడులను గీసికొనవలెనని మా సూచన. ఏ పద్ధతితో కొలిచితిమి, చుట్టునకు ఎన్ని పల్సులు, ఒక అంకె భేదమునకు ఎన్ని చుట్ల భేదము అనునవి ఆ మూడు గడులు. "1440" అని వ్రాసిన విద్యార్థి తెరను చదివినాడు. "1440, ఒక అంకెకు 60 చుట్లు" అని వ్రాసిన విద్యార్థి, తన కొలతతో నీటి మోటారు క్షేమమును చెప్పలేనని తెలిసికొన్నాడు. "1440, గడియారపు లోపము 7 చుట్లు" అని వ్రాసిన విద్యార్థి దానిని చెప్పగలడు.

జీడిమెట్ల షెడ్డులో గాని, జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలో గాని, లేక తన ఇంటి మేడమీది ట్యాంకు వద్ద గాని, రేపు ఈ విద్యార్థి ఒక యంత్రము ముందు నిలుచును. దానిని నడుపవచ్చునా, ఆపవలెనా అని ప్రక్కనున్నవారు అతనిని అడుగుదురు. ఆ నిర్ణయమునకు తెరపై సంఖ్య ఒక్కటియే చాలదు. ఆ సంఖ్యలో ఎంత భాగము నమ్మదగినదో కూడ అతడు చెప్పవలసియుండును.